రెండు వందల పద్దెనిమిది సీడీలు

"ఖాళీ సీడీ చేతిలో పెట్టి పంపిస్తారా? మనుషులేనా మీరు?"

"ఖాళీవి మేం ఇవ్వమండీ. మీరే ఎక్కడో గీతలు పెట్టుంటారు."

"గీతలా? కవరు విప్పలేదు తల్లీ! నాలుగు గంటలు బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, పసిపిల్లని పట్టుకున్నట్టు."

"అయితే ఎండ తగిలిందేమో..."

"నీ మొహానికి తగిలింది ఎండ!"

మెట్లకి ఇటుపక్క నా కంప్యూటర్ రిపేరు కొట్టు, అటుపక్క స్కానింగ్ సెంటరు. మధ్యలో ఆరడుగుల వరండా. అక్కడ ఎవరైనా దగ్గితే ఇక్కడ నా స్క్రూడ్రైవరు ఉలిక్కిపడుతుంది. కౌంటర్ పిల్లకీ వచ్చినవాళ్ళకీ గొడవ రోజూ ఉండేదే. ఆలస్యమైందని అరుస్తారు, పేరు తప్పు పడిందని అరుస్తారు, ఏసీ చల్లగా ఉందని కూడా అరుస్తారు. నేను ఫ్యాన్ స్పీడు పెంచి నా పని చూసుకుంటాను. ఆ రోజు పని ఆపింది సీడీ బాబాయ్ గొంతు విని.

"అమ్మా, అది నా చేత్తో రాసిన సీడీనే. ఖాళీది కాదమ్మా."

ఆయన ఎవరితోనూ వాదించే రకం కాదు. లిఫ్టు తలుపు మీద పడినా 'సారీ' చెప్పే మనిషి.

"రాస్తే ఏదయ్యా మరి? ఆ పెద్దాసుపత్రి డాక్టరు మూడు కంప్యూటర్లలో పెట్టి చూశాడు. 'ఇందులో ఏమీ లేదు, మళ్ళీ తీయించుకు రండి' అని మొహాన పడేశాడు. అక్కడ మిషను దగ్గర తొమ్మిది రోజుల క్యూ ఉంది. మా నాన్నకి మొన్న ఎడంకాలు పడిపోయింది. ఇవాళ కుడికాలి వేళ్ళు కదలట్లేదు. తొమ్మిది రోజులకి ఇంకేం మిగులుతుంది, చెప్పు!"

తర్వాత చెప్పుల చప్పుడు, నా తలుపు దగ్గర ఆయన.

"అబ్బాయ్, ఒక్కసారి వచ్చి చూస్తావా? నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు."

ముందు ఈయనెవరో చెప్పాలి.

పంతొమ్మిదేళ్ళప్పుడు ఎక్స్‌రే గదిలో నీళ్ళు మోయడానికి చేరాడు. నీళ్ళు మోస్తూ మోస్తూ చీకటి గదిలోకి వెళ్ళాడు, పద్దెనిమిదేళ్ళు బయటికి రాలేదు. ఎర్ర బల్బు కింద ఫిలిం కడగడం ఆయన పని. ఒక తొట్టిలో ముంచి, ఇంకో తొట్టిలో ముంచి, నీళ్ళలో జాడించి, తీగకి క్లిప్పు పెట్టి ఆరేసేవాడు. ఆ మందునీళ్ళకి గోళ్ళు పసుపు పచ్చగా మారిపోయాయి, ఈనాటికీ తెల్లబడలేదు. ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది. మా బిల్డింగులో డ్రైనేజీ పొంగి అందరం ముక్కులు మూసుకుంటే ఈయన అక్కడే నిలబడి అరటిపండు తిన్నాడు. పిన్ని బట్టలు కుడుతుంది, నోరు కూడా కత్తెరే. "చీకట్లో పెళ్ళాం మొహం గుర్తుపట్టలేడు గానీ ఫిలిం మీద వెంట్రుకంత పగులు గుర్తుపడతాడు మీ బాబాయ్" అంటుంది. అది నిజం. డాక్టరు చూడకముందే ఎముక ఎక్కడ విరిగిందో ఈయనకి తెలిసిపోయేదట. పైకి చెప్పేవాడు కాదు. ఫిలింని ఆ చోటు పైకి వచ్చేలా బల్ల మీద పెట్టేవాడు, అంతే.

ఫిలిం మూలన తెల్ల ఇంకుతో పేషెంటు పేరు రాయడం కూడా ఈయన పనే. అక్షరాలు ముత్యాలు. ఆ అక్షరాలే ఉద్యోగం నిలబెట్టాయి. ఫిలిం పోయి కంప్యూటర్ వచ్చినప్పుడు చీకటి గదిలోని ముగ్గురిలో ఇద్దర్ని ఇంటికి పంపేసి, సీడీల మీద పేర్లు బాగా రాస్తాడని ఈయన్ని ఉంచారు. గది అదే. తొట్లు తీసేసి, ఎర్ర బల్బు ఊడబీకి, ఒక పాత కంప్యూటర్ పెట్టారు. స్కాన్ అయిన బొమ్మలు మిషను నుంచి ఈయన కంప్యూటర్‌లోకి వస్తాయి. ఈయన సీడీ మీదకి ఎక్కించి, మార్కర్‌తో పేరు రాసి, కవర్లో పెట్టి, రిజిస్టర్లో సంతకం తీసుకుని ఇస్తాడు. ఇక్కడ సెంటరు నడిపే డాక్టరమ్మ రిపోర్టు రాసేది మిషను తెర మీద చూసి. సీడీ ఆవిడకి అక్కర్లేదు. అది బయట, ఆపరేషన్ చేసే డాక్టరు చూసుకోవడానికి.

పదేళ్ళుగా సీడీలు రాస్తున్నాడు. ఒక్కదాంట్లో ఏముందో ఈయనకి కనబడదు. ఫిలిం అయితే వెలుగుకి ఎత్తితే చాలు. సీడీని వెలుగుకి ఎత్తితే మన మొహమే కనిపిస్తుంది.

ఆ గదిలోకి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. వెనకాల ఆ కూతురు, చేతిలో సంచి, ఊపిరి నా మెడ మీద. తల ఎత్తితే మానిటర్ పైన గోడకి టేపుతో అంటించిన కాగితం. చిరిగిన కొరియర్ కవరు ముక్క. దాని మీద ఒక లైను ఇంగ్లీషు. చేతిరాత నాది.

సీడీ పెట్టకముందే నాకు విషయం తెలిసిపోయింది.

ఫైలు పేరు చివర చుక్క ఉంటుంది. చుక్క తర్వాత మూడు నాలుగు అక్షరాలు. దాన్ని తోక అనుకోండి. ఈ ఫైలుని ఏ సాఫ్ట్‌వేరుతో తెరవాలో కంప్యూటర్‌కి చెప్పేది ఆ తోక. ఫొటోకి జేపీజీ, స్కాన్ బొమ్మకి డీసీఎం, సాఫ్ట్‌వేర్ ఎక్కించే సెటప్ ఫైలుకి ఈఎక్స్ఈ. మామూలుగా కంప్యూటర్ తనకి తెలిసిన తోకల్ని దాచేసి బొమ్మ గుర్తు మాత్రం చూపిస్తుంది, చూసేవాడికి గందరగోళం ఎందుకని. దాచడం మానమని ఒక టిక్కు పెట్టాను. సీడీలో నాలుగు వందల పన్నెండు ఫైళ్ళు. ఒక్కోదాని వెనక తోక బయటపడింది. అన్నీ జేపీజీ.

స్కాన్ మిషను జేపీజీలు ఇవ్వదు.

ఒక ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. తెర నిండా పిచ్చి గీతలు. వాటి మొదట్లో కాస్త ఖాళీ, ఆ ఖాళీ తర్వాత నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, డీ ఐ సీ ఎం. బయట ఏ తోక తగిలించినా ఈ నాలుగు అక్షరాలు లోపల అలాగే ఉంటాయి. స్కాన్ ఎక్కడికీ పోలేదు. పెద్దాసుపత్రి సాఫ్ట్‌వేర్ సీడీలో డీసీఎం తోకల కోసం వెతికింది, ఒక్కటీ దొరక్క 'ఏమీ లేదు' అంది. డాక్టరు ఆ మాటే ఈవిడకి చెప్పాడు.

కొట్లోంచి ల్యాప్‌టాప్ తెచ్చి సీడీలో ఉన్నదంతా దాంట్లోకి దించుకున్నాను. తోకలు వెనక్కి మార్చడానికి ఒక లైను చాలు. నాలుగు వందల పన్నెండూ కన్నార్పేలోగా మారిపోయాయి. నా ల్యాప్‌టాప్‌లో స్కాన్ చూసే సాఫ్ట్‌వేర్ సెటప్ ఉంటే ఎక్కించి తెరిచాను. బూడిదరంగు వెన్నెముక తెర మీదకి వచ్చింది.

బాబాయ్ ముందుకి వంగి, పసుపు గోరుతో తెర మీద ఒక చోటు చూపించాడు. "ఇక్కడ. ఇదే నరాన్ని నొక్కేస్తోంది."

"ఇదంతా... ఇందులోనే ఉందా?" అంది ఆవిడ.

"ఇందులోనే ఉందమ్మా."

"మరి తిట్టించారేంటి నన్ను అంతమంది ముందు?"

కొత్త సీడీ రాసిచ్చాం. ఆవిడ థాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు. మెట్లు దిగుతూ ఫోన్లో "నాన్నా, దొరికింది, దొరికింది" అని అరుస్తూనే ఉంది. ఆ పెద్దాయనకి ఆ తర్వాత ఎడంకాలు రాలేదు. కుడికాలు వచ్చింది. కర్ర పట్టుకుని నడుస్తున్నాడని విన్నాం.

ఆవిడ వెళ్ళాక బాబాయ్ స్టూలు మీద కూర్చున్నాడు. "ఎన్నాళ్ళ నుంచి ఇలా జరుగుతోంది రా?"

నేను గోడ మీద కాగితం వైపు చూడలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆయనే లెక్క కట్టుకున్నాడు.

జరిగింది ఇది. అంతకుముందు ప్రతి సీడీలో స్కాన్ బొమ్మలతో పాటు ఒక సెటప్ ఫైలు కూడా వెళ్ళేది. సెటప్ అంటే సామానంతా సర్ది కట్టిన పెట్టె లాంటిది. నొక్కితే తనే విప్పుకుని, ఏది ఎక్కడ ఉండాలో అక్కడ సర్దుకుంటుంది. ఆ పెట్టె ఉంటే ఇంట్లో కంప్యూటర్‌లోనైనా స్కాన్ చూసుకోవచ్చు. ఒక రోజు ఎక్కడిదో ఆసుపత్రి నుంచి ఫోను. 'మీ సీడీ పెట్టగానే మా యాంటీవైరస్ కేకలు పెడుతోంది. మాకు వైరస్ పంపిస్తున్నారా?' అని. డాక్టరమ్మ బాబాయ్‌ని పిలిచి, "ఆ చెత్తేదో తీసెయ్" అంది. ఏది చెత్త? కౌంటర్ పిల్లని అడిగాడు. "చివర ఈఎక్స్ఈ ఉండేవి వైరస్ టైపు బాబాయ్" అని ఫోన్లోంచి తల ఎత్తకుండా చెప్పింది. తీసేశాడు.

తీసేశాక జనం రావడం మొదలైంది. ఇంట్లో తెరుచుకోవట్లేదు, ఫోన్లోకి ఎక్కించుకున్నా కనబడట్లేదు అని. ఆయనకది బాధ. ఫిలిం కాలంలో ఎవడైనా కిటికీ దగ్గర నిలబడి తన ఎముక తను చూసుకునేవాడు. అందుకని నా దగ్గరికి వచ్చాడు. నేను ఎవరిదో ప్రింటర్ విప్పి రోలర్ లాగుతున్నాను.

"అబ్బాయ్, ఫోన్లో ఏ ఫైళ్ళు తెరుచుకుంటాయి?"

"జేపీజీ."

"మావి డీసీఎం అని ఉంటున్నాయి. వందల కొద్దీ పేర్లు ఒక్కసారే మార్చడం ఎలా?"

ఎందుకు మారుస్తున్నావు బాబాయ్ అని అడగాలి. అడగలేదు. పక్కనున్న కొరియర్ కవరు చింపి లైను రాసిచ్చాను. పది సెకన్ల పని. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ వేళ ఆయన నాకు అంతకంటే లోకువ. రోలర్ బిగుసుకుపోయిందని చిరాగ్గా ఉన్నాను.

ఆయన లైను కొట్టాడు. తెల్ల కాగితం గుర్తులన్నీ ఒక్కసారిగా కొండా సూర్యుడూ ఉన్న ఫొటో గుర్తులైపోయాయి. ఆ గుర్తు చూసి నమ్మాడు. ఒకటి నొక్కి చూస్తే ఇంగ్లీషులో ఏదో వచ్చిందట. మన కంప్యూటర్ ముసలిది కదా, అందుకే అనుకున్నాడు. ఆ రోజు నుంచి ఏడు నెలల పాటు పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. తలదీ మార్చాడు, మోకాలిదీ మార్చాడు.

"ఫిలిం మూలన పేరు తప్పు పడితే బ్లేడుతో గీకి మళ్ళీ రాసేవాణ్ణి రా" అన్నాడు నాతో. "కింద ఎముక మారేది కాదు కదా. ఇదీ అంతే అనుకున్నా."

"ఎముక మారలేదు బాబాయ్. నువ్వనుకున్నది కరెక్టే. కాకపోతే డాక్టరు బొమ్మని చూస్తాడు, కంప్యూటర్ మూలన పేరు మాత్రమే చూస్తుంది."

"ఈ మాట ముందే..." అన్నాడు, ఆపేశాడు. మిగతాది ఎప్పుడూ అనలేదు.

రిజిస్టరు తీశాడు. ఏడు నెలల్లో సీడీలు తీసుకున్నవాళ్ళు రెండు వందల పద్దెనిమిది మంది. పక్కనే ఫోన్ నంబర్లు. మిషనులో స్కాన్‌లు ఇరవై రోజులే ఉంటాయి, తర్వాత వాటి మీదే కొత్తవి పడతాయి. అంటే అందులో చాలామంది స్కాన్ లోకంలో ఒకే ఒక్క చోట ఉంది, వాళ్ళింట్లో, తెరుచుకోని సీడీలో.

డాక్టరమ్మ మొత్తం విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఎవరు నేర్పారు నీకీ తెలివి?"

నేను గుమ్మంలోనే ఉన్నాను.

"నేనే మేడమ్" అన్నాడు బాబాయ్.

"సరే. ఎవరికీ ఫోన్లు చేయకు. ఎవరైనా వస్తే మార్చి ఇవ్వు. అడిగితే మిషను ప్రాబ్లం అని చెప్పు. రెండు వందల మందికి ఫోన్ చేసి 'మేం తప్పు చేశాం' అని టముకు వేసుకుంటే రేపు ఈ గుమ్మం ఎవడు ఎక్కుతాడు? నీ ఒక్కడి ఉద్యోగం కాదు, పద్నాలుగు మందిది."

ఆవిడ చెడ్డది కాదు. పద్నాలుగు మంది అన్నది నిజమే. కానీ బయటికి వచ్చాక బాబాయ్ వరండా రెయిలింగు పట్టుకుని, "మిషను ప్రాబ్లమట! ఆడలేక మద్దెల ఓడు అన్నాడంట వెనకటికెవడో" అన్నాడు. మర్నాడు మధ్యాహ్నం టిఫిన్ బాక్సుతో పాటు రిజిస్టరు చంకలో పెట్టుకుని నా కొట్లోకి వచ్చాడు. "నీ ఫోన్ ఇటివ్వు."

అలా నాలుగు మధ్యాహ్నాలు గడిచాయి. ఆయన నంబరు చదివితే నేను కొట్టేవాణ్ణి, స్పీకర్ పెడితే ఆయన మాట్లాడేవాడు. కొంతమంది ఎత్తలేదు. కొంతమంది తిట్టారు. ఒకావిడ, "ఆహా, స్కానింగ్ సెంటరు నుంచా? ఇప్పుడు ఓటీపీ చెప్పమంటావా నాయనా? మీ అమ్మకి చెప్పు ఓటీపీ" అని పెట్టేసింది. ఒకాయన, "ఆ సీడీలా? పావురాలు రాకుండా బాల్కనీలో వేలాడదీశాం. భలే పనిచేస్తున్నాయి, ఇంకేమైనా ఉంటే ఇవ్వండి" అన్నాడు. బాబాయ్ నవ్వలేదు. నేను నవ్వాను, తర్వాత ఆపుకున్నాను. చాలామందికి రిపోర్టు కాగితంతోనే పని జరిగిపోయింది, సీడీ ఎవరూ అడగలేదు. కొంతమంది వేరేచోట మళ్ళీ తీయించుకున్నారు. 'మాదే చవక ఫోను కదా, అందుకే తెరుచుకోలేదనుకున్నాం' అన్నవాళ్ళే ఎక్కువ. మన జనం తప్పు ఎక్కడ జరిగినా ముందు తమ ఇంట్లో వెతుక్కుంటారు.

ఎనభై మూడో నంబరు ఒక తాతది. "సీడీ పెట్టి చూశాను బాబూ. ఏమీ కనబడలేదు. హమ్మయ్య, నాకేమీ లేదు అనుకున్నా." అయిదు నెలల కిందటి స్కాన్ అది. రిపోర్టు కాగితం ఏమైందని అడిగితే కొడుకు దగ్గర ఉందన్నాడు. కొడుకు నంబరు తీసుకుని చేశాం. కొడుక్కి తెలుసు. తండ్రికి చెప్పలేదట, చెప్పి ఏం లాభం అని. బాబాయ్ ఫోన్ పెట్టేసి టిఫిన్ బాక్సు మూత పెట్టేశాడు. ఆ పూట తినలేదు.

నాకు అతితెలివి ఇంకా తగ్గలేదు. ఇంతమందికి చెప్పడం ఎందుకు, నొక్కితే తోకలన్నీ సరిచేసి, స్కాన్ తెరిచి చూపించే చిన్న సెటప్ ఫైలు చేస్తాను, అందరికీ పంపిద్దాం అన్నాను. రెండు రోజులు కూర్చుని చేశాను. కంప్యూటర్‌కి ఒక రకం పెట్టె, ఫోనుకి ఏపీకే అని ఇంకో రకం పెట్టె. పంపిస్తే ఒక్కడు ఎక్కించుకోలేదు. 'మీ ఫైలు దొంగదని మా ఫోను చెబుతోంది' అని ఒకడు మెసేజ్ పెట్టాడు. ఇంకొకడు నా నంబర్ బ్లాక్ చేశాడు. వాళ్ళదే న్యాయం. ఎవడో తెలియని గొంతు పంపిన పెట్టెని ఇంట్లో ఎవడు విప్పుకుంటాడు? నేనైతే విప్పను. విప్పొద్దని నా కొట్లో బోర్డు కూడా ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కూడా చేతకాలేదు నాకు.

నాలుగో రోజు నూట డెబ్భై ఆరో నంబరు. ఆడమనిషి పేరు, ముప్ఫై రెండేళ్ళు, తల స్కాన్. మగగొంతు ఎత్తింది. వెనకాల బస్సు ఇంజను చప్పుడు.

"అండీ, స్కానింగ్ సెంటరు నుంచి. ఆవిడతో మాట్లాడాలి" అన్నాడు బాబాయ్.

"లేదండీ."

"ఎప్పుడొస్తారు?"

"రాదండీ." ఇంజను ఆగింది. "పోయి నెల పదకొండు రోజులైంది."

నేను ఫోన్ ఆపెయ్యబోతే బాబాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు. అవతలి మనిషే మాట్లాడుతున్నాడు. స్కూలు బస్సు డ్రైవరట. ఎవరో అడిగేదాకా లోపల పెట్టుకున్నట్టు గబగబా చెప్పేశాడు. "ఆపరేషన్‌కి డేటిచ్చారండీ. సీడీ తెరుచుకోలేదన్నారు. మళ్ళీ స్కాన్‌కి పదిహేడు రోజులు ఆగమన్నారు. పన్నెండో రోజు ఫిట్స్ వచ్చాయి. మీ తప్పేం లేదులెండి. సీడీ మేమే పాడుచేసుకున్నాం. మా పాప దాంతో ఆడింది, చక్రం అని నేల మీద దొర్లించింది. అన్నీ గీతలు. డాక్టరు కూడా గీతలు చూసే తిట్టాడు. కోపంలో పాపని కొట్టానండీ, గట్టిగానే. ఏడేళ్ళ పిల్ల. అప్పట్నించీ ఏ వస్తువూ ముట్టుకోదు. ముట్టుకోవచ్చా నాన్నా అని అడిగి ముట్టుకుంటుంది. మంచినీళ్ళ గ్లాసు కూడా. ఇంతకీ ఎందుకు చేశారండీ?"

బాబాయ్ నా వైపు చూశాడు. డాక్టరమ్మ నేర్పిన మాట ఆయన నోటిదాకా వచ్చింది. నాకు కనబడింది.

"మిషను..." అన్నాడు. "మిషను దగ్గర చిన్న... రికార్డు సరిచూసుకుంటున్నామండీ. ఆ సీడీ ఉందా?"

"ఉందండీ. పారెయ్యబుద్ధి కాలేదు. దాని మీద ఆవిడ పేరు చాలా అందంగా రాసుంది."

ఫోన్ పెట్టేశాం. మెట్ల మీద ఎవరో నీళ్ళ క్యాను ఎత్తుకుని దబ్ దబ్ అని ఎక్కుతున్నారు.

"ఆ పదిహేడు రోజులు లేకపోయినా బతికేదో లేదో తెలియదు బాబాయ్" అన్నాను. "తలలో గడ్డ కదా."

"ఆ మాట నాకు చెప్పకు" అన్నాడు. "డాక్టర్లు చెప్పనీ. నువ్వు చెప్పకు."

"సరే."

"గీతలు పడ్డ సీడీ తెరుచుకుంటుందా?"

"మామూలు గీతలైతే తెరుచుకుంటుంది. నేల మీద దొర్లించిన గీతలకి సీడీలు చావవు."

"అంటే ఆ పిల్ల తప్పేమీ లేదు."

"లేదు."

రిజిస్టరు మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పసుపు గోళ్ళతో అట్ట మీద గీస్తున్నాడు, ఏదో తుడుస్తున్నట్టు. ఇంకా నలభై రెండు నంబర్లు ఉన్నాయి. అవి రేపటికి అన్నాడు. ఎల్లుండి నుంచి ఉద్యోగం ఉంటుందో లేదో, కాబట్టి రేపటికే అన్నాడు. తర్వాత లేచి నిలబడి, పద్దెనిమిదేళ్ళు చీకటి గదికి అలవాటుపడ్డ ఆ కళ్ళు చిట్లించి నా వైపు చూశాడు.

"సాయంత్రం నాతో రా అబ్బాయ్. ఆ డ్రైవరు ఇంటికి. ల్యాప్‌టాప్ తెచ్చుకో. ఆ సీడీ ఆ పిల్ల చేతే పెట్టించు. తెరుచుకుంటుందని ఆ పిల్ల కళ్ళతో ఆ పిల్ల చూడాలి. బొమ్మ చూపించకు, తల్లి తలకాయ అది. ఫైళ్ళు వరసగా కనబడితే చాలు, గీతల వల్ల కాదని తెలిస్తే చాలు. మిగతాది నేను చెబుతా, వాళ్ళ నాన్నకి. నీ పేరు నా నోట రాదు, చెప్పుకోవాలనిపిస్తే నువ్వే చెప్పుకో. ఒక్కటి మాత్రం చెయ్యి. ఇందాక ఫోన్లో విన్నావుగా, నా నోరు ఎటు పోయిందో. అక్కడ కూడా నేను మిషను మీదకి తోసెయ్యబోతే, పెద్దాడు కదా అని ఊరుకోకు. ఆ పిల్ల ముందే నన్ను ఆపు."